పరుపుకి పడిన ‘మళ్ళీ’

“మళ్ళీ!” అని అరిచింది రేడియో.

స్టవ్ ముందు నిలబడ్డ గోలపిల్ల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ అరుపు ఆమెదే. ‘ళ్ళీ’ దగ్గర గొంతు గోడెక్కి, పైనుంచి ఒక్కసారి తూలి, నవ్వులోకి జారిపోయే ఆ పద్ధతి ఊళ్ళో ఇంకెవరికీ లేదు. మూడేళ్ళుగా సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా ర్యాప్ పాటల మీద ఆ గొంతు కేకలేస్తుంటే విని విని, ఊరే ఆమెకా పేరు పెట్టింది.

కానీ ఇప్పుడు నాలుగుంబావు. గోలపిల్ల వంటింట్లో ఉంది. ఆరు రోజులుగా స్టేషన్ గడప తొక్కలేదు.

“ఇదేం చోద్యమే అమ్మాయ్?” అత్తయ్య గుమ్మంలో నిలబడి కళ్ళజోడు సర్దుకుంది. “నువ్విక్కడ, నీ గొంతక్కడ! నువ్వు పడుకున్నాక అదొక్కతే లేచి ఉద్యోగానికి వెళ్ళొస్తోందా ఏంటి?”

“ఉండండి అత్తయ్యా, ఒక్క నిమిషం.”

రేడియోలో పాట గిర్రుమని వెనక్కి తిరిగి, మొదట్నుంచి అందుకుంది. వినేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అది పాట కూడా కాదు. పరుపుల కంపెనీ ప్రకటన.

“పక్క మీద మా పరుపు... పక్కింటాయనకి కన్నెరుపు!”

అది అయిపోగానే మగగొంతు ఒకటి మెత్తగా వచ్చింది. ఆమె లేని ఈ రెండు వారాలకీ కూర్చోబెట్టిన కొత్తాయన. స్టేషన్లో అందరూ వెన్నగొంతు అంటారు. “గోలపిల్లకే ఇంత నచ్చేసిందంటే ఇక మనమెంతండీ! ఇవాళ్టికిది నాలుగో మళ్ళీ...”

నాలుగో మళ్ళీ!

అసలు గోలపిల్ల గోలకో లెక్కుంది. పాట మొదలవడమే తరువాయి, మీద పడిపోయేది. బస్సు డ్రైవరన్నల్నీ, సెలూన్లలో కత్తెర పట్టుకున్నవాళ్ళనీ, లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడ్డ అక్కల్నీ పేరుపేరునా పలకరించేది. ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట మెడకి ముడేసేది. హారన్ కొట్టేది. ఆదివారాలు ఇంట్లో కూర్చుని, ఊళ్ళో కుర్రకారు కట్టిన ర్యాప్‌లన్నీ కలిపి, మధ్యమధ్య తన కేకలు అతికించి మిక్స్‌టేపులు చేసి పంచేది. అదంతా రోజువారీ గోల. ‘మళ్ళీ’ మాత్రం గోల కాదు. అది తీర్పు. పాట వింటూ వింటూ ఉండగా తనకే తెలియకుండా నోట్లోంచి ఊడిపడాలి. పడిందా, పాట అక్కడికక్కడ ఆగి, వెనక్కి తిరిగి, మొదట్నుంచి మోగాలి. మూడేళ్ళలో పదకొండుసార్లు పడింది. ఆ పదకొండు పాటలు కట్టినవాళ్ళు ఇప్పటికీ కాలరెత్తుకుని తిరుగుతున్నారు.

వారం కిందట మేనేజరు ఇదే పరుపు పాట తెచ్చి, “దీనికో మళ్ళీ వెయ్యండమ్మా, పెద్ద కంపెనీ” అన్నాడు. ఆమె మైకు తెరిచి ఉందని మర్చిపోయి పగలబడి నవ్వింది. ఊరంతా విని ఊరంతా నవ్వింది. మర్నాడే, “గొంతు అలిసినట్టుంది, రెండు వారాలు విశ్రాంతి తీసుకోండి” అని ఇంటికి పంపేశారు. ఆ ఉక్రోషంతో ఆమె రేడియో ముట్టుకోలేదు. ఇవాళ అత్తయ్య వార్తల కోసం పెట్టి, కట్టెయ్యడం మర్చిపోబట్టి గానీ, లేకపోతే ఇంకెన్నాళ్ళు తెలిసేది కాదో!

“నిన్న పక్కింటావిడ అంది,” అత్తయ్య గుర్తుచేసుకుంది. “‘మీ కోడలు ఈమధ్య రేడియోలో భలే హుషారుగా ఉంది’ అని. నువ్వేమో లోపల బట్టలు మడతపెడుతున్నావు. పాపం, ఆవిడకి మతి పోతోంది కాబోలనుకుని మజ్జిగ ఇచ్చి పంపించాను.”

గోలపిల్ల నవ్వలేదు. స్టవ్ కట్టేసి, రేడియోకి చెవి ఆనించి నిలబడింది. మరో పాట. మరో ప్రకటన. అయిదో ‘మళ్ళీ’.

ఈసారి ఆమె అరుపు వినలేదు. అరుపు వెనకాల విన్నది.

‘ణంగ్’.

చిన్న చప్పుడు. ఇనప హ్యాంగరు ఇంకో హ్యాంగరుకి తగిలిన చప్పుడు.

ఆమె మెల్లిగా పడగ్గది వైపు చూసింది.

పెళ్ళయిన వారానికి, ఆ గదిలోనే, బట్టల బీరువాలో దూరి రికార్డు చేసిన కేక అది. బట్టల మధ్య గొంతు మారుమోగదని బీరువానే స్టూడియో చేసుకున్నారు. ఆమె చీరల మధ్య ఇరుక్కుంది, అతను చొక్కాల మధ్య ఇరుక్కుని మైకు పట్టుకున్నాడు. ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి తగులుతోంది. ఇద్దరికీ నవ్వాగడం లేదు. ఆరుసార్లు చెడగొట్టుకుని ఏడోసారి ఆమె “మళ్ళీ!” అనేసరికి అతని మోచేయి హ్యాంగరుకి తగిలింది. “ఉండనీ, ఇది మన చప్పుడు” అని ఆమే ఉంచేసింది. పదకొండో ‘మళ్ళీ’ పడిన పాటని, ఒక వెల్డరు కట్టినదాన్ని, మిక్స్‌టేపులోకి ఎక్కించడానికి చేసుకున్న కేక అది. స్టేషన్లో దాని కాపీ లేదు. ఈ ఇంట్లో, ఒక్క కంప్యూటర్లో ఉంది.

*

ఆమె మొగుడు మౌని అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అదే స్టేషన్లో సౌండు మనిషి. అయిదింటికి డ్యూటీ ఎక్కాలి. రోజుకి పాతిక మాటలు మించి మాట్లాడడని అక్కడ అందరూ కలిసి ఆ పేరు పెట్టారు. ఊరంతటికీ వినపడే గొంతుని, ఎవరికీ వినపడని మనిషి పెళ్ళి చేసుకున్నాడని పెళ్ళిలో కూడా నవ్వుకున్నారు.

“హ్యాంగరు మోగింది,” అంది గోలపిల్ల.

“ఏ హ్యాంగరు?”

“మన హ్యాంగరు. నీ మోచేయి తగిలిందే, అది. రేడియోలో మోగింది.”

గుండీ మీద వేళ్ళు ఆగిపోయాయి.

ఈ మూడు నెలల్లో మౌని మౌనాలన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. టీ బాగుంటే ఒక మౌనం, బాగోకపోతే ఇంకోటి. నిద్రొస్తే ఒకటి, ముద్దొస్తే ఒకటి. ఒక్కొక్కటీ కనిపెట్టిన రోజు ఆమె లాటరీ తగిలినంత సంబరపడింది. ఇది మాత్రం వాటిలో లేదు. ఇది దొంగ మౌనం.

“నువ్వే ఇచ్చావు.”

“ఇచ్చాను.”

“ఎప్పుడు?”

“సోమవారం.”

“ఇవాళ శుక్రవారం! నాలుగు రోజులు! నా పక్కన కూర్చుని తిన్నావు, నా కప్పులో టీ లాక్కుని తాగావు, నిన్న రాత్రి నా జోకుకి నవ్వావు కూడా!”

“జోకు బాగుంది.”

“నోర్ముయ్!” అని, రోజూ మాట్లాడించడానికి నానా తంటాలు పడే మనిషిని నోరు ముయ్యమంటున్నానని గుర్తొచ్చి ఆమెకి మరింత కోపమొచ్చింది. “ఉహూఁ, ముయ్యకు. చెప్పు. ఎందుకిచ్చావు?”

మౌని మంచం అంచున కూర్చున్నాడు. “మేనేజరు పిలిచాడు. రెండు వారాలు నీ గొంతు వినపడకపోతే జనం మర్చిపోతారు, ఆ టైము ఇంకొకరికి ఇచ్చేయాల్సొస్తుంది అన్నాడు. కేకలు కొన్ని ఇస్తే, కుర్చీ నీ పేరు మీదే ఉంచుతానన్నాడు. బస్సులో సీటు మీద రుమాలేసి ఉంచుతారు కదా... అలా అనుకున్నా.”

“రుమాలా? నా గొంతు నీకు రుమాలా?”

“పరుపుకి వాడతారని నాకు తెలీదు.”

“తెలిశాక?”

మౌని ఇంకో గుండీ పెట్టుకున్నాడు.

“మొన్న సాయంత్రం డ్యూటీలో ఉన్నది నువ్వే కదా. నీ చెవుల్లోంచే వెళ్ళింది కదా. అప్పుడేం చేశావు?”

“మొన్న మూడుసార్లే వేశారు.”

“మూడుసార్లే అట! వినండి అత్తయ్యా, మీ అబ్బాయి మూడుసార్లే అంటున్నాడు! ఇల్లు మూడు పక్కలే కాలింది, నాలుగో పక్క బాగానే ఉంది అన్నట్టు!”

“నీకు చెప్తే గొడవవుతుందని...”

“చెప్పకపోతే ఏమైంది ఇప్పుడు, సంగీత కచేరీ జరుగుతోందా?”

అత్తయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు. కొత్త దంపతుల గదిలోకి రాకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం. గుమ్మంలోంచే, వేలు మాత్రం లోపలికి పెట్టి చూపించింది.

“నాన్నా, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యేళ్ళు చేశాను. ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. పెళ్ళి మాటలు, చావు మాటలు, తిట్లు, బుజ్జగింపులు. కలపమన్న చోట కలిపాను. ఎవరి గొంతునీ, వాళ్ళకి తెలియకుండా ఇంకోచోటికి కలపలేదు. ఒక్కసారి, ఒక్కసారి కలిపి ఉంటే ఆ కుర్చీలో మర్నాడు నేనుండేదాన్ని కాదు.”

“అమ్మా, నేను దీని మంచికే...”

“మంచికే చేశావులే. మంచికి చేసేవాళ్ళతోనే భయం. చెడుకి చేసేవాడైతే తలుపేసుకుంటాం.” అని కోడలి వైపు తిరిగింది. “నువ్వు కూడా కాస్త మెల్లిగా అరువు అమ్మాయ్. కిటికీ తెరిచుంది. పక్కింటావిడ రేడియో అనుకుంటుంది.”

గోలపిల్ల పెదవి కొసదాకా నవ్వొచ్చింది. పళ్ళు బిగించి మింగేసింది. ఇప్పుడు నవ్వితే కోపం జారిపోతుంది. ఈ కోపం జారిపోకూడదు.

అప్పుడే ఫోన్ మోగింది. వెల్డరు. పదకొండో ‘మళ్ళీ’ ఇతని పాటకే పడింది.

“అక్కా, బిజీగా ఉన్నావా? పాట మధ్యలో ఉన్నావేమో, తర్వాత చెయ్యనా?”

“పాటా లేదు, పాడూ లేదు. ఇంట్లో ఉన్నా. చెప్పు తమ్ముడూ.”

“ఇంట్లోనా? మరైతే... సర్లే. ఏం లేదక్కా. ఆ రోజు నువ్వు మళ్ళీ అన్నాక మా షాపు షట్టరు మీద రాయించుకున్నా కదా, ‘గోలపిల్ల మళ్ళీ అన్న పాట, ఈ షాపు వెల్డరుదే’ అని. దాన్నిప్పుడు తుడిపేద్దామనుకుంటున్నా. నువ్వేమీ అనుకోవద్దు.”

“ఎందుకు తుడపడం?”

“ఎదురు షాపోడు పొద్దున్నుంచి నవ్వుతున్నాడక్కా. ‘నీకూ ఇచ్చింది, పరుపుకీ ఇచ్చింది, రేపు చీపురుకట్టకీ ఇస్తుంది’ అంటున్నాడు. నేను కొట్లాడా. అక్క అలా అనదు, ఏదో పొరపాటని. వాడు రేడియో పెట్టి వినిపించాడు.” అతను గొంతు సవరించుకున్నాడు. “పాట కట్టేటప్పుడు రెండేళ్ళు రాసి కొట్టేశానక్కా. నిప్పురవ్వల కింద కూర్చుని రాశా. నీకు నచ్చిందనుకున్నా. నచ్చకపోయినా పర్లేదులే. అందరికీ అంటావని తెలీక...”

“తమ్ముడూ, నీ షట్టరు ముట్టుకోకు.”

“అది కాదక్కా...”

“ముట్టుకోకన్నానా! ఆ అన్నది నేను కాదు. ఇవాళే, ఆ మైకు ముందే కూర్చుని చెప్తాను. ఎవడు చేశాడు, ఎవడు ఇచ్చాడు, ఎవడు నొక్కాడు. ఒక్క మాట దాచను.”

ఫోన్ పెట్టేసి చూస్తే, మౌని చొక్కా మీద ఒక గుండీ ఎగుడుదిగుడుగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రోజూ అయితే ఆమే వెళ్ళి సరిచేసేది.

“పద,” అంది చెప్పులేసుకుంటూ. “నీకు డ్యూటీ టైమైంది. నాకూ అయింది.”

*

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు, మధ్యలో ఆమె సంచీ పెట్టి.

డ్రైవరు పక్కన రేడియో మోగుతోంది. రోజూ ఈ బస్సెక్కితే ఆయన వెనక్కి తిరిగి, “ఏం చెల్లెమ్మా, ఇవాళ నా పేరు చెప్తావా?” అనేవాడు. ఇవాళ తిరిగి చూసి, రేడియో వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసి, గేరు మార్చుకున్నాడు.

“మళ్ళీ!” అంది రేడియో. హ్యాంగరు మోగింది.

ముందు సీట్లో కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ పక్కావిడతో అంది. “ఈ పిల్లకి ఈమధ్య అన్నీ నచ్చేస్తున్నాయి. కొత్తగా పెళ్ళయిందట.”

“అయితే అంతే మరి,” అంది పక్కావిడ. “మాక్కూడా అప్పట్లో అన్నీ నచ్చేవి.”

గోలపిల్లకి చెవులు కాలిపోయాయి. నిజమే, ఆమెకి ఈమధ్య అన్నీ నచ్చుతున్నాయి. ఇంటికో తాళంచెవి తనకీ ఉండడం నచ్చింది. అతని తువ్వాలూ తన తువ్వాలూ ఒకే తీగ మీద ఆరడం నచ్చింది. కానీ అవి ఇంట్లోవి. మైకు ముందు ఆమె ఒక్కదానికీ ఊరికే తల ఊపలేదు. సొంత తమ్ముడు ర్యాప్ కట్టి తెచ్చి నెలరోజులు వెంటపడితే, “బాగానే ఉందిరా, కానీ నోట్లోంచి రాలేదు” అని తిప్పి పంపింది. వాడు ఆర్నెల్లు మాట్లాడలేదు. అలాంటిది, ఇప్పుడు పరుపు!

“నేను వాళ్ళకి చెప్పనా?” అన్నాడు మౌని, ముందు సీటు వైపు చూసి, మెల్లిగా.

“ఒక్కొక్క బస్సూ ఎక్కి ఎంతమందికి చెప్తావు?”

దిగేదాకా ఇద్దరూ కిటికీలోంచే చూశారు.

*

మేనేజరు వరండాలోనే ఎదురొచ్చాడు, చేతిలో ఫోనుతో, మొహం నిండా నవ్వుతో.

“రండమ్మా రండి! మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఈ నాలుగు రోజుల్లో మనకి వచ్చినన్ని ఫోన్లు మూడేళ్ళలో రాలేదు. మీ మళ్ళీకి అంత గిరాకీ ఉందని మాకే తెలీదు.”

“నా మళ్ళీ కాదది.”

“మీ గొంతే కదండీ.”

“గొంతు నాది. మాట నాది కాదు. నేను వినని దానికి నేను మళ్ళీ ఎలా అంటాను? వంటింట్లో నిలబడి పరుపు పాటకి పరవశించిపోయానా నేను?”

“ఏంటమ్మా మీరు, ఒక్క మాట గురించి...”

“ఒక్క మాటే. నాకున్నది ఆ ఒక్కటే. మీ సంతకం నేను తీసుకెళ్ళి ఊళ్ళో కనపడ్డ కాగితం మీదల్లా పెడితే ఊరుకుంటారా?”

మేనేజరు నవ్వు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మౌని వైపు ఒకసారి చూసి, ఆమెనే చూస్తూ అన్నాడు. “సరే, సూటిగా చెప్తా. రెండు వారాలయ్యాక మీ కుర్చీ మీదే. అరవండి, హారన్ కొట్టండి, మీ ఇష్టం. మళ్ళీ మాత్రం బటన్ మీద ఉంటుంది. ఆ బటన్ నా గదిలో ఉంటుంది.”

“ఒప్పుకోకపోతే?”

“కుర్చీ లేదు.”

“ఇప్పుడే లోపలికెళ్ళి జనానికి నిజం చెప్తే?”

“చెప్పుకోండి. ‘మీకు తెలియకుండా ఎవరిచ్చారు?’ అని అడుగుతారు కదా జనం. స్టేషన్ అడగలేదు, టెక్నీషియను తనంతట తానే తెచ్చిచ్చాడు అని నేను రాసిస్తాను. నేనడిగినట్టు కాగితం లేదు. అతనిచ్చినట్టు కాగితముంది.” ఇప్పుడు మౌని వైపు తిరిగాడు. “పెళ్ళాం గొంతు దొంగిలించి ఇచ్చిన సౌండు మనిషిని, ఏ ఊళ్ళో ఏ స్టేషన్ గడప ఎక్కనిస్తుందో చూద్దాం.”

మౌని గడియారం చూసుకున్నాడు. అయిదు. డ్యూటీ గదిలోకి నడిచాడు.

ఆ నడక చూసి ఆమెకి ఒళ్ళంతా భగ్గుమంది. ఒక్క మాట అనచ్చు కదా! అబద్ధం అనచ్చు కదా, అడిగింది మీరే కదా అనచ్చు కదా! మాటలేవైనా కొనుక్కురావాలా ఈ మనిషికి?

మేనేజరు ఫోన్ మోగింది. “ఆఁ, సార్, వింటున్నారా సార్, ఇవాళ ఎనిమిది పడతాయి సార్...” అంటూ పరుపుల కంపెనీతో నవ్వుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

స్టూడియో తలుపు సందులోంచి వెన్నగొంతు తల బయటపెట్టాడు. లోపల పాట నడుస్తోంది. వయసులో ఆమె కంటే పెద్దవాడే గానీ, స్కూల్లో దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు.

“మేడమ్, ఒట్టు, నేనేం చెయ్యలేదు. ఆయన గదిలోంచి పడుతుంది, నేను అవునవునంటాను. మీ అరుపు పక్కన నా గొంతు వింటుంటే నాకే ఆవలింత వస్తోంది.”

“మీరు అవునవునన్నారు కాబట్టే నిజమనుకున్నారు జనం.”

ఆయన తల దించుకున్నాడు. నేల మీద ఏదో పడేసుకున్నట్టు కాసేపు వెతికాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, ఆమె చేతిలో పెట్టాడు.

“నాకు దాహంగా ఉంది మేడమ్. నీళ్ళు తాగొస్తాను. పాట ఇంకో నిమిషముంది. నేను నీళ్ళు చాలా మెల్లిగా తాగుతాను.”

*

కుర్చీ ఎత్తు మార్చేశారు. ఆమె దాన్ని కిందికి దించుకుని కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పాట చివరి చరణంలో ఉంది.

గాజుగోడ అవతల మౌని మీటల ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె మైకు మీట అతని చేతి కింద ఉంది. అతను తెరిస్తేనే ఆమె మాట బయటికి పోతుంది. మూడేళ్ళుగా అంతే. ఆమె వేలెత్తితే చాలు, అతను తెరిచేవాడు. ఆ వేలు చూసీ చూసీనే, ఒకరోజు టీకి రమ్మన్నాడు.

ఆమె వేలెత్తింది.

అతను తెరవలేదు. ఆమె చెవుల్లో మాత్రమే వినపడే చిన్న మైకు దగ్గరికి వంగాడు.

“ఒకటడగనా?”

“తెరువు ముందు.”

“తెరుస్తాను. ఆయన వచ్చినా తెరిచే ఉంచుతాను. తలుపు గడియ పెట్టేశాను.” హెడ్‌ఫోన్లలో అతని గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది. “ఎవరిచ్చారని చెప్తావు?”

ఆమె నోరు తెరిచింది.

“దాచమని కాదు,” అన్నాడు. “నువ్వు దాచితే ఆ వెల్డరుకి సగం నిజమే చెప్పినట్టు. సగం చెప్తే ఎదురు షాపువాడు ఇంకా నవ్వుతాడు. నాకు తెలుసు. చెప్తే మాత్రం రేపట్నుంచి నేను ఈ కుర్చీలో ఉండను. ఏ కుర్చీలోనూ ఉండను. నాకీ పని తప్ప ఇంకోటి రాదు. అందుకే... నువ్వు ఊరికి చెప్పే ముందు నాకు చెప్పు. అంతే. విని కూర్చుంటాను.”

ఆమెకి తెలిసి మౌని ఒక్క గుక్కలో మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

ఇంట్లో అయితే ఎంత తేలిగ్గా వచ్చేసింది! ఎవడు చేశాడు, ఎవడు ఇచ్చాడు, ఒక్క మాట దాచను అని. ఆ ‘ఎవడు’ ఇప్పుడు గాజు అవతల, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కోపం ఎక్కడికీ పోలేదు, అరికాలి నుంచి నెత్తి దాకా అలాగే ఉంది. అతని మీదా ఉంది. కానీ మేనేజరు మీద ఉన్న కోపానికి మాటలు దొరుకుతున్నాయి. ఇతని మీద ఉన్నదానికి దొరకడం లేదు.

“చెప్పు,” అన్నాడు మౌని. “పాట అయిపోతోంది.”

వరండాలో నీళ్ళు తాగుతున్న వెన్నగొంతు ఎవరి కంటో పడ్డాడు కాబోలు, పరిగెత్తుతున్న అడుగులు వినిపించాయి. ఎవరో తలుపు బాదారు. “తెరవండి! ఎవరు లోపల? ఏయ్!”

“నేను...” అంది గోలపిల్ల. “నువ్వు...”

ఆఖరి దరువు పడింది. పాట ఆగిపోయింది.

అతను జవాబు కోసం చూడలేదు. మీట పైకి తోశాడు. ఎర్రదీపం వెలిగింది.

బస్సుల్లో, సెలూన్లలో, లాండ్రీలో, ఒక వెల్డింగ్ షాపులో, ఊరంతటికీ ఒక్కటే వినపడింది. మూడేళ్ళలో ఎన్నడూ ఊపిరి తీసుకోవడానికైనా ఆగని గోలపిల్ల, ఊపిరి తీసుకుంటోంది.